పెంకు మీద పేరు

శేషగిరికి అన్నం సయించడం లేదు. ఎండాకాలం పురావస్తు తవ్వకాలకు ఏథెన్సు వెళ్లడానికి యూనివర్సిటీలో వాళ్ల శాఖకు ఒక్క సీటే వచ్చింది. దాన్ని అతనితో చదివే ఫిలోమినాకు ఇచ్చారు.

ఆ యూనివర్సిటీలో గ్రీకు, రోమన్ నాగరికతలు చదివేవాళ్లే నలుగురు. నాకొచ్చిన గ్రీకు మాత్రం లెక్కల పుస్తకంలో ఆల్ఫా, బీటా దాకానే, ఆ లెక్కల్లో తప్పాను కూడా. కాబట్టి సందేహాలేవైనా ఉంటే నన్నడక్కండి.

శేషగిరి తిన్నగా శాఖ పెద్ద సోమయాజులు మాస్టారి గదికి వెళ్లాడు. కిటికీలో పూలకుండీ పగిలితే మాస్టారు పెంకులు ఏరుతున్నారు.

"ఏమిట్రా, మొహం అలా ఉంది?"

"ఆ అమ్మాయి నాకంటే వెనక చేరింది కదండీ. నేను మూడేళ్లుగా మీ సంచీ మోస్తున్నాను."

"మోసినవాళ్లకే సీటంటే స్టేషన్ కూలీని పంపాలి."

"పేరులోనే సగం గ్రీకున్న మనిషితో నేనేం పోటీ పడతానండి? ఆమె నవ్వినా నాకు ఒళ్లు మండుతోంది. అసలు ఈ శాఖలో ఆమె లేకపోతే..."

మాస్టారు కసురుకోలేదు. ఒక పెంకు తుడిచి, గీకడానికి ఒక మేకుతో సహా అతని ముందు పెట్టారు.

"ఏథెన్సు వాళ్ల పద్ధతి నీకు తెలిసిందే. ఎవడైనా మరీ ఎదిగిపోయాడనిపిస్తే పెంకు మీద వాడి పేరు గీకి ఓటేసేవాళ్లు. ఓట్లు ఎక్కువ పడినవాడు పదేళ్లు ఊరొదిలి పోవాలి. తప్పు చేసి ఉండక్కర్లేదు. ఆమె పేరు రాయి. ఇక్కడ నీ ఒక్క ఓటే చాలు. ఆమెను తీసేసి సీటు నీకిస్తాను."

"వేళాకోళం కాదు కదండీ?"

"ఇవాళ కాదు."

శేషగిరి కుర్చీ జరుపుకుని కూర్చున్నాడు. పరీక్షలో కూడా అంత శ్రద్ధగా రాసి ఉండడు. తెలుగులో రాస్తే చెల్లదేమోనని గ్రీకు లిపిలోనే గీకాడు. దుమ్ము ఊది అందించాడు.

మాస్టారు పెంకును వెలుతురుకు పట్టి చూశారు.

"అక్షరాలు ముచ్చటగా ఉన్నాయిరా. నా దగ్గర నేర్చినవి కావు, నావి కోడి గీతలు. ఎవరు నేర్పారు?"

శేషగిరి కిటికీ వైపు చూశాడు.

"ఫిలోమినా అండి."

"ఎప్పుడు?"

"నిరుడు గ్రీకు పేపరు పోయి, చదువు మానేద్దామనుకున్నప్పుడు. మెస్సులో భోజనాలయ్యాక కూర్చోబెట్టి దిద్దించేది."

మాస్టారు తలాడించారు. బల్ల మీది ఖాళీ బిస్కెట్ల డబ్బా మూత తీసి అతని ముందుకు జరిపారు.

"పేరు స్పష్టంగా ఉంది. ఓటు చెల్లుతుంది. ఇందులో వేసి వెళ్లు."

అని పాఠం చెప్పడానికి వెళ్లిపోయారు.

తిరిగొచ్చేసరికి డబ్బా ఖాళీగా ఉంది. వరండాలో శేషగిరి, ఫిలోమినా ఎదురుబొదురుగా నిలబడి ఉన్నారు.

"జేబులో ఏమిటది, అంత బరువుగా వేలాడుతోంది?" అంటోంది ఫిలోమినా.

శేషగిరి జేబు మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, తీయకుండా అలాగే నిలబడ్డాడు.