ముల్లు లేని చేప

హిమజకు ఆ రోజు ఒకటే బెంగ. పెద్ద పొయ్యి తన చేతికొస్తుందా, రాదా?

భీమిలి ఒడ్డున బూబమ్మ హోటల్లో మూడేళ్లుగా ఉల్లిపాయలు తరుగుతోంది, మసాలాలు నూరుతోంది. వేట నిషేధం ముగిసి పడవలు మళ్లీ సముద్రం మీదికెళ్లిన వారానికి, తమకు చేపలిచ్చే జాలర్లను బూబమ్మ భోజనానికి పిలిచింది. "ఇవాళ వంట నీది. వాళ్లు మెచ్చితే పెద్ద పొయ్యి కూడా నీదే" అంది శిష్యురాలితో.

ఇంకేం! హిమజ బజారుకెళ్లి ఖరీదైన వంజరం చేపలు ఏరి తెచ్చింది. ముళ్లన్నీ తీసేసి, వెన్నలో వేయించి, నిమ్మచెక్క పెట్టి వడ్డించింది. అతిథులు తెచ్చిన గంపెడు కవళ్లను, ఆ చవకరకం చిన్న చేపలను మాత్రం పెరట్లోకి నెట్టింది. విందులో కవళ్లు పెడతారా ఎవరైనా?

ముసలి పోలయ్య ముక్కను అటూ ఇటూ తిప్పాడు.

"ఇదేటి పాపా, ముల్లు లేదు? జబ్బు చేసిందా దీనికి?"

పంక్తంతా గొల్లుమంది. పోలయ్య, చేప పొడవంతా ఉన్న ఆ ముక్కను అరచేతిలో పెట్టి కొలిచాడు. అతని నవ్వు ఆగిపోయింది.

"పిల్లచేప. ఒక్కసారైనా గుడ్లెట్టలేదు. ఇలాంటివి బతకాలనే కదమ్మా, రెండు నెల్లు పడవలు కట్టేసి కూకున్నాం."

పళ్లెం మెల్లగా పక్కకి జరిపాడు.

మనిషితో అయితే వాదించి గెలవొచ్చు. పక్కకి జరిపిన పళ్లెంతో ఎవరు వాదిస్తారు?

బూబమ్మ లేచింది. పెరట్లోంచి గంప తెచ్చింది. చెంగు దోపుకుని నేలమీద కూర్చుని, పోలయ్య భార్యను పిలిచింది.

"నూకాలూ, మీ కవళ్ల పులుసు మా ఇద్దరికీ నేర్పు."

ముప్పై ఏళ్లుగా గరిటె తిప్పుతున్న మనిషి, నేర్పమంటోంది! హిమజ గభాలున పక్కన కూలబడి కత్తి తీసింది.

నూకాలు ఆమె చేతిమీద ఒక్కటేసింది. "కత్తెందుకే? కవళ్లకి గోరు చాలు. పొట్ట గిల్లు. తల ఉంచు. తల పారేశానంటే మా ఆయన నన్ను పారేస్తాడు!"

"నిన్ను మోసి పారేసే ఓపిక నాకెక్కడిదే!" అన్నాడు పోలయ్య.

మామిడికాయ ముక్కలు పడి, చిన్న పొయ్యి మీద పులుసు కుతకుతలాడింది. ఈసారి హిమజ కూడా పంక్తిలో కూర్చుంది. ముల్లెలా తీయాలో పోలయ్య చూపించాడు. ఒక్క లాగుడుకి వెన్నుముల్లంతా దువ్వెనలా ఊడొచ్చింది. హిమజ చిన్నపిల్లలా కేక పెట్టింది.

వేళ్లు నాకుతూ నాకుతూ ఆగింది.

"బూబమ్మా... మరి పెద్ద పొయ్యి?"

"అడుగుతావేం? పోలయ్య మూడోసారి అన్నం పెట్టించుకున్నాడు. గంపలో ఇంకా సగం ఉంది. వెలిగించు."