ఉలి కొనలేని ఇన్‌స్పెక్టరు

పరాంకుశం ఆరు నెలలుగా తిరుగుతున్నాడు. ఒక్క ఉలి కొనలేకపోయాడు.

డబ్బు లేక కాదు, ఉలులు దొరక్కా కాదు. ఏది చేతిలోకి తీసుకున్నా అందులో ఏదో మోసం ఉందనిపించేది.

ఆయన ముప్ఫై ఒక్క ఏళ్ళు తూనికలు కొలతల శాఖలో పనిచేసి, ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యాడు. తక్కెడ అడుగున అంటించిన చింతపండు ముద్ద, లోపల తొలిచి లక్క నింపిన కేజీ రాయి, ఒక చివర కోసేసిన బట్టల కొట్టు మీటరు బద్ద, ఇవన్నీ ఆయన స్వయంగా పట్టుకున్నవే. ఆయన జీపు మలుపు తిరిగిందంటే బజారులో సగం అంగళ్ళు మూతపడేవి.

రిటైరయ్యాక చేతులకు పని లేదు. అనుమానానికి మాత్రం సెలవు దొరకలేదు. భార్య వేదవల్లి వంట చేస్తుంటే వెనక నిలబడి, నూనె ప్యాకెట్టు మీద రాసినంతా లోపల ఉందో లేదోనని గిన్నెలో పోసి కొలిచేవాడు. పాలవాడు మానేశాడు. పనిమనిషి మానేసింది. ఒకరోజు వేదవల్లి గరిటె కింద పెట్టి, "ఏదన్నా పని నేర్చుకోండి. లేకపోతే నేను మా చెల్లెలింటికి పోతా" అంది. ఆమె హాస్యానికి అనలేదు.

కొండ కింద పేటలో దస్తగిరి ఉస్తాద్ ఉన్నాడు. డెబ్బై దాటిన మనిషి. కొయ్యతో గరిటెలు, చెంచాలు, దువ్వెనలు చెక్కుతాడు. కొండ మీది దర్గాకు వచ్చిన జనం తిరిగిపోతూ ఆయన వాకిట్లో కూర్చుని తమ బాధలు చెప్పుకుంటారు. ఆయన తాయెత్తు కట్టడు, మంత్రం వెయ్యడు. చెప్పింది విని, చేతికి ఒక కొయ్యముక్క ఇస్తాడు. కొందరు దాన్ని అక్కడే వదిలేసి పోతారు. కొందరు శిష్యులవుతారు.

పరాంకుశం వెళ్ళి కూర్చున్నాడు.

"నాకు ఎవరి మీదా నమ్మకం కుదరదు ఉస్తాద్. ఏం చెయ్యాలి?"

ఉస్తాద్ ఆయన చేతులు తిప్పి చూశాడు. "ఇంట్లో చోటుందా?"

"పెరట్లో గది ఉంది."

"బల్ల వేసుకో. ఒక సుత్తి, ఒక రంపం, ఒక ఉలి కొనుక్కో. కొనుక్కున్నాక రా."

బల్లకు నెల పట్టింది. టేకని చెప్పి ఇంకేం కర్ర పెడతాడోనని వడ్రంగి పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు పరాంకుశం. సుత్తి కొనడానికి సంచిలో తక్కెడ పెట్టుకెళ్ళాడు. అరకిలో అని ముద్రవేసిన సుత్తి పద్నాలుగు గ్రాములు తక్కువ తూగింది. కొట్టువాడు, "సుత్తిని తూచి కొనేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నా సార్. ఇదేమన్నా బెల్లమా?" అన్నాడు. ఊరు దాటి నెల్లూరు వెళ్ళాడు. నెల్లూరు దాటి మద్రాసు వెళ్ళాడు. చివరికి సుత్తి దొరికింది, రంపం దొరికింది.

ఉలి దగ్గర ఆగిపోయాడు.

నోటుబుక్కులో గళ్ళు గీసి, పదిహేడు రకాల ఉలులను పక్కపక్కన రాసుకున్నాడు. పొడవు, మందం, పిడి కర్ర, మోత. వేలితో మీటితే ఖంగుమనాలి. ఆకురాయితో గీకితే జారిపోవాలి. మంచి ఉక్కయితే ఆకురాయి దాన్ని కొరకలేదు, మెత్తటి ఇనుమైతే గీత పడుతుంది. ఖంగుమన్నవాటికి గీత పడింది. గీత పడనివాటికి పిడి ఊగింది. అన్నీ బాగున్నది ఒకటి దొరికితే, ఇంత బాగున్నది ఇంత చవగ్గా ఎందుకిస్తున్నాడని వదిలేసి వచ్చాడు.

ఆయన తర్వాత వచ్చిన శిష్యులు గరిటెలు చెక్కుతున్నారు. ఆయన మాత్రం ఉత్త చేతులతో వచ్చి వాకిట్లో కూర్చుని వాళ్ళ ఉలుల వంక చూసేవాడు.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాడు. "మీరే చెప్పండి ఉస్తాద్. ఎక్కడ కొనమంటారు?"

"బస్టాండు పక్కన పెంచలమ్మ అంగట్లో."

పరాంకుశం పక్కనున్న శిష్యుణ్ణి అడిగాడు, "మీదెక్కడ కొన్నారు?" అతనూ పెంచలమ్మ పేరే చెప్పాడు. ఇంకో ఇద్దర్ని అడిగాడు. వాళ్ళూ అదే మాట.

అందరినీ ఒకే అంగడికి పంపడమేమిటి? ఆ ప్రశ్న ఆయన మనసులో ముల్లులా గుచ్చుకుంది.

మర్నాడు పెంచలమ్మ అంగడికి వెళ్ళాడు. మేకులు, గొలుసులు, పారలు, తాళాల మధ్య నలభై ఏళ్ళ మనిషి కూర్చుని ఉంది. గల్లా పక్కన ఒక డబ్బాలో ఉలులు నిలబెట్టి ఉన్నాయి. ఒకటి తీసి, జేబులోంచి ఆకురాయి బయటికి లాగి గీకాడు. గీత పడింది.

"ఏమ్మా, ఇదేనా నువ్వు అమ్మేది? ఇది ఉలి కాదు, రేకుముక్క. జనాన్ని ఇట్లా ముంచుతున్నావా?"

ఆయన గొంతు ఇంకా ఇన్‌స్పెక్టరు గొంతే. అంగట్లో ఉన్న ఇద్దరు మనుషులు చేతిలో సామాను అక్కడే పెట్టి బయటికి పోయారు. పెంచలమ్మ వాళ్ళు పోయిన వైపు చూసింది.

"నచ్చకపోతే పెట్టేసి పోండి సార్. కేకలెందుకు?"

అంతకంటే ఒక్క మాట అనలేదు. తప్పు లేనిదైతే ఊరుకుంటుందా అనుకున్నాడు పరాంకుశం.

ఎదురుగా టీ కొట్టు ఉంది. మూడు రోజులు అక్కడే కూర్చుని, పేపరు అడ్డం పెట్టుకుని అంగడిని కనిపెట్టాడు. మూడో రోజు సాయంత్రం పెంచలమ్మ ఒక బరువైన గోనె మూట రిక్షాలో వేయించి పేట వైపు పంపింది. పరాంకుశం టీ గ్లాసు వదిలేసి వెంట నడిచాడు. రిక్షా దస్తగిరి ఉస్తాద్ ఇంటి ముందే ఆగింది.

ముప్ఫై ఒక్క ఏళ్ళు ఎన్నో మోసాలు పట్టుకున్న మనిషికి, పట్టుకున్నప్పుడల్లా కలిగే సంతోషం ఈసారి కలగలేదు. అయినా లోపలికి వెళ్ళాడు.

ఉస్తాద్ పెరట్లో ఒక దుంగ ముందు కూర్చుని ఉన్నాడు. మూట పక్కనే ఉంది.

"ఆ మూటలో ఏముంది ఉస్తాద్?"

"విప్పి చూడు."

పరాంకుశం ముడి విప్పాడు. పిడి పగిలిన ఉలులు, పిడి ఊడిన గొడ్డళ్ళు, కొడవళ్ళు. ఎవరెవరో అంగట్లో ఇచ్చిపోయినవి. ఒక్కోదానికి పేరు రాసిన గుడ్డపీలిక కట్టి ఉంది.

"పిడులు వేస్తారా మీరు?"

"మిగిలిన కొయ్యతో వేస్తా."

"వేస్తే ఆమె ఏమిస్తుంది?"

ఉస్తాద్ ఆయన వంక చూశాడు. కోపం లేదు. నవ్వూ లేదు. లేచి, గోడకు ఆనించిన సమ్మెట తెచ్చి పరాంకుశం చేతిలో పెట్టాడు.

"దుంగ చీల్చాలి. ఇంకో మనిషి కావాలి. నువ్వొచ్చావు."

"నేను సమ్మెట ఎప్పుడూ ఎత్తలేదు."

"ఇవాళ ఎత్తు."

దుంగ కోసిన ముఖంలో సన్నటి పగులు ఉంది. ఉస్తాద్ ఒక ఇనుప మేకు తీసుకుని దాని మొన ఆ పగుల్లో పెట్టాడు. జానెడు మేకు. దాని నడుమున తన కుడిచేతి వేళ్ళతో పట్టుకుని గొంతుక్కూర్చున్నాడు. ఆ వేళ్ళతోనే ఆయన దువ్వెన పళ్ళు చెక్కుతాడు.

"కొట్టు."

పరాంకుశం సమ్మెట తల ఊపి చూశాడు, ఊడుతుందేమోనని. ఊడలేదు. పిడి పొడవునా వేలు రాసి చూశాడు. పగులు లేదు.

"పట్టకారుతో పట్టుకోండి ఉస్తాద్. గురి తప్పితే?"

"పట్టకారుకు జారిపోతుంది. మేకు కొంచెం దిగి నిలబడేదాకా చెయ్యే పట్టాలి."

అని ఉస్తాద్ మొహం పక్కకు తిప్పుకుని, గోడ మీద ఆరేసిన దుప్పటి వైపు చూస్తూ కూర్చున్నాడు.

"ఇటు చూడరా?"

"చూస్తే చెయ్యి లాక్కుంటాను" అన్నాడు ఉస్తాద్. "లాక్కుంటే మేకు నిలవదు."

పరాంకుశం సమ్మెట ఎత్తాడు. ఎత్తి అలాగే నిలబడిపోయాడు. జీవితంలో మనుషులు ఆయన్ను చూడగానే ఏదో ఒకటి దాచుకున్నారు. రాళ్ళు దాచారు, తక్కెళ్ళు దాచారు, తలుపులు వేసుకున్నారు. ఆయన ఎదుట చెయ్యి పెట్టి మొహం తిప్పుకున్నవాడు ఒక్కడూ గుర్తుకు రాలేదు. సమ్మెట దించి, చేతులు పంచెకు తుడుచుకుని, మళ్ళీ ఎత్తాడు.

మొదటి దెబ్బ మెల్లగా పడింది. మేకు కదలలేదు.

"ఇంకా" అన్నాడు ఉస్తాద్.

రెండో దెబ్బ వంకరగా పడింది. సమ్మెట అంచు మేకు మీంచి జారి ఉస్తాద్ వేలి కణుపును రాసుకుపోయింది. తోలు లేచి రక్తం వచ్చింది.

పరాంకుశం సమ్మెట కింద పడేశాడు. "అయ్యో ఉస్తాద్! చెయ్యి తియ్యండి! చెయ్యి తియ్యండి ముందు!"

ఉస్తాద్ పెదవులు బిగిశాయి. చెయ్యి మాత్రం అక్కడే ఉంది. రక్తం మేకు మీదుగా కిందికి కారుతోంది. ఆయన ఇంకా దుప్పటి వైపే చూస్తున్నాడు.

"మేకు ఇంకా నిలబడలేదు. కొట్టు."

"నా వల్ల కాదు. నన్ను మీరు నమ్మకూడదు."

"అది నేను చూసుకుంటా. నువ్వు మేకు చూసుకో."

పరాంకుశం సమ్మెట తీశాడు. కళ్ళు మసకబారాయి. భుజంతో తుడుచుకున్నాడు. ఈసారి ఉస్తాద్ వేళ్ళను చూడలేదు, సమ్మెటను చూడలేదు. రూపాయి బిళ్ళంత మేకు తలను ఒక్కదాన్నే చూశాడు.

దెబ్బ నిటారుగా పడింది. మేకు రెండు వేళ్ళ లోతు దిగి నిలబడింది. అప్పుడు ఉస్తాద్ చెయ్యి తీసుకున్నాడు. తర్వాత నాలుగు దెబ్బలకు దుంగ టప్పుమని రెండుగా విచ్చుకుంది. లోపలి కొయ్య లేత పసుపు రంగులో ఉంది. తడి వాసన గుప్పుమంది.

పరాంకుశం తన తువ్వాలు చింపి ఉస్తాద్ వేలికి కట్టాడు.

మర్నాడు పొద్దున్నే ఆయన పెంచలమ్మ అంగడికి వెళ్ళాడు. అప్పుడే తలుపులు తీస్తోంది. ఈయన్ను చూసి చెయ్యి ఆగింది.

"మళ్ళీ ఏంది సార్? ఈసారి పోలీసుల్ని తెచ్చినారా?"

"లేదమ్మా. మొన్న నలుగురిలో కేకలేశాను. తప్పు నాది. ఒక ఉలి కావాలి."

ఆమె నమ్మలేదు. ఆయన వెనక ఎవరైనా ఉన్నారేమోనని వీధిలోకి తొంగి చూసింది. తర్వాత గల్లా పక్క డబ్బాలోంచి ఒక ఉలి లాగి, ముందు పెట్టి, చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకుంది.

పరాంకుశం దాన్ని తీసుకున్నాడు. వేళ్ళకు మీటాలని అనిపించింది. మీటలేదు. జేబులోంచి డబ్బు తీశాడు.

"గీకి చూసుకోరా?" అంది పెంచలమ్మ.

"వద్దులే."

"రేపు మంచిది కాదంటే?"

"ఇంకోటి కొంటానమ్మా."

పెంచలమ్మ కాసేపు ఆయన మొహం వంకే చూసింది. ఇందులో మోసం ఎక్కడుందా అని వెతుకుతున్నట్టు చూసింది. తర్వాత ఆయన చేతిలో ఉలి వెనక్కి లాక్కుని డబ్బాలో పడేసి, లోపలి గదిలోకి వెళ్ళింది. పాత గుడ్డలో చుట్టిన ఉలి ఒకటి తెచ్చి ఇచ్చింది. కమ్మరి చేసినది. నల్లగా ఉంది, మెరుపు లేదు.

"ఇది తీసుకెళ్ళండి. ఇవి నాలుగే ఉండాయి. పని చేసుకునేవాళ్ళకే ఇస్తా."

డబ్బు మాత్రం డబ్బాలో ఉలి ధరే తీసుకుంది.

పరాంకుశం అక్కడి నుంచి నేరుగా ఉస్తాద్ దగ్గరికి వెళ్ళాడు. ఉస్తాద్ కట్టు కట్టిన చేత్తోనే ఏదో చెక్కుతున్నాడు. పరాంకుశం ఉలి ఆయన ముందు పెట్టి జరిగిందంతా చెప్పాడు. చెప్పి, ఆగి, ఆపుకోలేక అడిగాడు.

"అయితే డబ్బాలోవి మంచివి కావని ఆమెకు తెలుసన్నమాట. నా అనుమానం నిజమేగా ఉస్తాద్?"

ఉస్తాద్ ఉలి అందుకుని, సానరాయి మీద నాలుగు చుక్కల నీళ్ళు చల్లాడు.

"నిజమే నాయనా" అన్నాడు. "మరి ఆ అనుమానానికేనా ఆమె ఈ ఉలి ఇచ్చింది?"