ఊయల ఆగిన పూట

ఉదయం ఏడూ నలభైకి సువార్త పదిహేడో గాజు గొట్టానికి పేరు చీటీ అంటించి, తల ఎత్తకుండానే అడిగేసింది.

"సార్, నన్ను మిషను దగ్గరికి ఎప్పుడు రానిస్తారు?"

ఖాదర్ సారు ఆ రక్తనిధిలో ముప్పై ఒక్కేళ్లుగా టెక్నీషియన్. దాతల రక్తాన్ని గిర్రున తిప్పి ఎర్రకణాలు, ప్లాస్మా, ప్లేట్‌లెట్లుగా విడదీసే పెద్ద మిషను ఆయన చేతి కింద ఉంటుంది. సువార్త డిప్లొమాలో మొదటి ర్యాంకు తెచ్చుకుని ఆయన దగ్గర పని నేర్చుకోడానికి చేరింది. నలభై రోజులైంది. ఇంతవరకూ చేసింది చీటీలు అంటించడం, ఊయల చూసుకోవడం. ప్లేట్‌లెట్ సంచులను రాత్రింబవళ్లు మెల్లగా ఊపే కరెంటు పళ్లేన్ని అక్కడ అందరూ ఊయలే అంటారు.

"నాకు అన్నీ వచ్చు సార్. ఎర్రకణాలు ఆక్సిజన్‌ని మోస్తాయి. ప్లాస్మా తిండిలోని సారాన్ని ఒళ్లంతా పంచుతుంది, మలినాన్ని మూత్రపిండాలకు చేరేస్తుంది. తెల్లకణాలు కాపలా కాస్తాయి. ప్లేట్‌లెట్లు గాయాన్ని పూడుస్తాయి. ఇంకేం చెప్పమంటారు సార్?"

"ఏమీ వద్దు తల్లీ." ఆయన టీ గ్లాసు కింద పెట్టి లేచారు. "జనరేటర్ బెల్టు తెగింది. మెకానిక్కుని పిలుచుకొస్తా."

ఆయన గేటు దాటారో లేదో కరెంటు పోయింది.

ఫ్రిజ్‌కి ఇన్వర్టర్ ఉంది. ఊయలకు లేదు. అది ఆగిపోయింది. దాని మీద నాలుగు సంచులున్నాయి. డెంగీ వచ్చిన ఒక బాలింతకు మధ్యాహ్నం ఎక్కించాల్సినవి. ఆమె భర్త కోటయ్య ఆరింటి నుంచీ బయట బల్ల మీదే ఉన్నాడు.

సువార్త గబగబా నాలుగు సంచులనూ ట్రేలో పెట్టుకుని ఎర్రకణాల ఫ్రిజ్ తలుపు తీసింది. ప్లేట్‌లెట్లు చలికి ఆగవని పరీక్షలో రాసింది తనే. ఆ నిమిషాన చేతులకు అది గుర్తు రాలేదు.

వెనకనుంచి ఒక చెయ్యి వచ్చి తలుపు మూసింది. కరెంటు పోవడం చూసి సారు మెకానిక్కుకి కబురు పంపి వెనక్కి వచ్చేశారు.

ఆయన పారేయడానికి పక్కన పెట్టిన సంచి ఒకటి తీశారు. మొన్న ఒక ఆసుపత్రివాళ్లు ఫ్రిజ్‌లో పెట్టి, తప్పు తెలిశాక తిప్పి పంపినది. దాన్ని ఒక చేత్తో, ట్రేలోని సంచిని ఇంకో చేత్తో కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకుని మెల్లగా వంచారు. ట్రేలోని సంచిలో పట్టుపోగుల్లాంటి మెరుపులు సుడి తిరిగాయి. చలి తగిలినది గంజినీళ్లలా ఉండిపోయింది.

"ఏది ఎక్కించమంటావు?"

సువార్త మెరుపులున్న సంచిని వేలితో చూపించింది.

సారు ఆ సంచిని ట్రేలో పెట్టి, ట్రే ఆమె చేతుల్లో పెట్టారు. "ఊపు."

"ఎంతసేపు సార్?"

"కరెంటు వచ్చేదాకా."

స్టూలు మీద కూర్చుని ఊపసాగింది. గంట గడిచింది. ఊడ్చిపోడానికి వచ్చిన నాగరత్నం చూసి, "జోల కూడా పాడు పాపా, నలుగురూ కవలలే!" అంది. సువార్త నవ్వలేదు. కోటయ్య గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"అవి మా ఆవిడకేనా అమ్మా? కాసేపు నేను పట్టుకుంటా, ఇటివ్వు."

"వద్దన్నా. నేనే ఊపుతా."

భుజాలు లాగుతున్నాయి. ఎదురుగా సారు ఆమె వదిలేసిన గొట్టాలకు చీటీలు అంటిస్తున్నారు.

"ఒంట్లో ఉన్నప్పుడు ఎవరూ ఊపక్కర్లేదు కదా సార్," అంది, అలిసిపోయి.

"ఒంట్లో గుండె ఉందమ్మా," అని ఆయన ఇంకో గొట్టం తీసుకున్నారు.

ఆమె ట్రేని ఒళ్లోకి జరుపుకుంది. చెయ్యి మాత్రం ఆపలేదు.

పదకొండూ అయిదుకి కరెంటు వచ్చింది. సువార్త ఒక్కో సంచినీ కిటికీకి ఎత్తి చూసింది. నాలుగింటిలోనూ పోగులు తిరిగాయి. అప్పుడుగాని వాటిని కోటయ్యకిచ్చి పంపలేదు.

సోమవారం సారు ఆమెను మిషను దగ్గరికి పిలిచారు.

గురువారం నాటికి కోటయ్య భార్య ఇంటికి వెళ్లిపోయింది. ఆ రోజే సువార్త ఏదో లెక్క కోసం మిషను పక్కనుండే, సారు వాడే లావుపాటి నియమాల పుస్తకం తిరగేసింది. ప్లేట్‌లెట్ సంచులకు చలి తగలకూడదు గాని, ఊపకుండా ఒక రోజంతా ఉన్నా అవి పనికొస్తాయని అందులో ఉంది.

ఆ వాక్యం కింద పెన్సిలు గీత ఉంది. గీత చాలా పాతది.