ఓబుళమ్మ పటంలో పులులు

చిన్న కథే. పొయ్యి మీద ఎసరు మరిగేలోపు అయిపోతుంది, మధ్యలో నేనే అడ్డు రాకపోతే.

అనగా అనగా గవ్వలపాడని ఒక రాజ్యం. రాజ్యమంటే చాలా పెద్దదనుకునేరు. రాజు ముమ్మడిరాయలవారు పొద్దున్నే గుర్రమెక్కితే అంబలి వేళకు సరిహద్దు తగిలేది. అందుకని ఆయన గుర్రాన్ని మెల్లగా నడిపించేవారు. ఆయన మీసం సంగతి కూడా చెప్పాలి గానీ, అందులో సగం కాటుక కనుక వదిలేద్దాం. ఇక ప్రజలు. ఆడవాళ్లు పక్కింటి కూర వాసన చూసి ఉప్పు తక్కువైందని చెప్పగలరు. మగవాళ్లకు ఆ మాత్రం పని కూడా చేతకాదు. అందరికీ కలిపి వచ్చిన విద్య ఒక్కటే, ఆటలాడటం.

కథ ఓబుళమ్మది. ఆమె గుడ్డ మీద ఆటల పటాలు గీసేది.

ఆ ఊళ్లో ఒక ఆచారం ఉండేది. కొత్త పటం వస్తే పొద్దుటి నుంచీ ఊరంతా దాని మీద ఆడాలి. సాయంత్రం రాజుగారి ఎదుట, ఆ పటం గీసినవారే ఒక ఆట ఆడాలి. ఓడిపోతే పటం ఊళ్లోకి వస్తుంది. గెలిస్తే దాన్ని నీలిమందులో ముంచి ఎద్దు మీద కప్పుతారు. గీసినవారికే అంతా తెలిసిపోయిన ఆట మనకెందుకని పెద్దలు పెట్టిన నియమం. గవ్వలపాడు పెద్దలు చేసిన తెలివైన పని అదొక్కటే. అది కూడా ఎలా తట్టిందో తెలియదు.

ఒక ఏడాది ఓబుళమ్మ కొత్త పటం తెచ్చింది. అందులో ఒక కొండ, ఒక వాగు, ఒక పల్లె, బోలెడన్ని దారులు, ఒకే ఒక పులి. ఒకరు మేకల్ని ఇంటికి తోలాలి. ఇంకొకరు పులై దారి కాయాలి. ఓడినవారు బొగ్గుముక్క తీసుకుని పాత దారి ఒకటి చెరిపి, తమకు తోచినచోట కొత్తది గీయాలి.

సాయంత్రానికి పటం మీద దారులన్నీ మారిపోయాయి. సాంబయ్య తాత పులి పక్షాన కూర్చున్నాడు. ఓబుళమ్మ మేకల్ని వాగు దాటించి, ఇల్లు చేరాననుకుంది.

"అక్కడెక్కడికమ్మా? మధ్యాహ్నం మా కోడలు ఓడిపోయి ఆ దారి చెరిపేసింది," అన్నాడు తాత, మేకను తీసి పక్కన పెట్టుకుంటూ.

ఓబుళమ్మ ఓడిపోయింది. కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. ఆ ఏడాది గవ్వలపాడులో మాడని అన్నం లేదు. అందరి వేళ్లూ మసే.

అద్దకం కొట్టు గుండయ్యశెట్టి ఆమె ఇంటికొచ్చాడు. పటాలకు రంగులద్ది సంతలో అమ్మేది ఆయనే. నవ్వితే పెదాలు మాత్రమే నవ్వే మనిషి.

"ఓబుళక్కా, రెండోది ఎప్పుడు?"

"రెండోది ఎందుకు శెట్టీ? ఇదింకా అయిపోలేదు గదా."

"అయిపోకపోవడమే చిక్కు. ఒకటి కొన్నవాడు మళ్లీ నా కొట్టుకు రాడు."

"నా మనసులో ఇంకో ఆట ఉంది. గాలికి కొట్టుకుపోయే పడవల ఆట."

"తప్పకుండా గీద్దువుగాని. ముందు ఇది కానీ. జనం పులికి అలవాటు పడ్డారు."

రెండో పటంలో రెండు పులులు. చేతులు మసి అవుతున్నాయని శెట్టి బొగ్గు తీసేయించి, దారులన్నీ చెరగని రంగుతో అద్దించాడు. సాయంత్రానికీ దారులు పొద్దున ఉన్నట్టే ఉన్నాయి. ఓబుళమ్మకు ప్రతి మలుపూ తెలుసు. శెట్టి వెనక నుంచి వంగి, "ఓడిపో అక్కా, ఈ ఒక్కసారికి. పడవలు గుర్తున్నాయిగా," అన్నాడు.

పడవలు గుర్తుపెట్టుకుని ఆమె ఓడిపోయింది. నొసలు కొట్టుకుని, తల వంచుకుని, చక్కగా ఓడింది. ఊరంతా చప్పట్లు కొట్టింది.

మూడో పటంలో పులులకు కిరీటాలు పెట్టారు, ఒక పులికి రాజుగారి మీసం కూడా. నాలుగోదానిలో పులులు ఎన్నంటే మేకలు నిలబడటానికి చోటు లేదు. "పోయినేటిదే మళ్లీ అంటగట్టాడు," అని ఊళ్లో ప్రతివాడూ తిట్టాడు. తిడుతూనే వరసలో నిలబడ్డాడు. ముందువాడు తొందరగా కదలడం లేదని వాణ్నీ తిట్టాడు.

ప్రతిసారీ ఓబుళమ్మ ఓడుతూనే ఉంది. ఓడటంలో ఆమెకు మంచి చేయి తిరిగింది.

చివరికి శెట్టి మాట నిలబెట్టుకున్నాడు. "ఇక నీ పడవలు గీసుకో అక్కా," అన్నాడు.

ఓబుళమ్మ గుడ్డ పరుచుకుని కూర్చుంది. పడవ గీయబోతే తోక వచ్చింది. తెరచాప గీయబోతే చారలు వచ్చాయి. గాలి ఎలా ఉండాలనుకుందో ఎంత తలచుకున్నా గుర్తు రాలేదు. వారమంతా గీసి, గీసినదంతా ఉతికేసింది. ఆ పైన పెట్టె అడుగు నుంచి తన మొదటి పటం తీసి, దులిపి, ఒక బొగ్గుముక్కతో సహా ఆ ఏటి ఆటకు పట్టుకెళ్లింది. తనకు తెలియని ఆట ఇంకోసారి ఆడాలని ఆమె కోరిక. ఇంకేం లేదు.

పొద్దుటి నుంచీ ఊరు ఆడింది, గొణుగుతూ.

"ఒక్కటే పులా? మిగతావి ఏమయ్యాయి?"

"చేతులన్నీ మసి. ఇదేం కొత్త గోలమ్మా."

"మన ఆటను చూసి ఎవరో చేతకానివాళ్లు గీసినట్టుంది."

"ఇది మొదటిదే గదరా," అన్నాడు సాంబయ్య తాత. తాతకు మతి తప్పిందని మనవరాలు ఆయనకు మజ్జిగ తాగించింది.

సాయంత్రం ఓబుళమ్మ, తాత ఎదురెదురుగా కూర్చున్నారు. ఆమె కొండ పక్కనుంచి మేకల్ని తోలింది. అక్కడ ఆమెకు తెలియని దారి ఒకటి ఉంది, ఎవరో విసుగుతో అడ్డంగా గీసి పోయినది. ఆ దారినే పులి వచ్చింది. ఓబుళమ్మ నిజంగా ఓడిపోయింది. ఇన్నేళ్ల తర్వాత మళ్లీ కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది.

సభలో ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

"ప్రభూ, ఓడినవాళ్లు నవ్వుతారా?" అన్నాడు శెట్టి. "అక్క ఓటమి మనం ఎన్నిసార్లు చూశాం. నొసలు కొట్టుకోలేదు, తల వంచలేదు. పటం పనికిరానిదని తెలిసే, ఎలాగైనా ఊళ్లోకి తోసేయాలని కావాలని ఓడింది."

రాజుగారు మీసం మీద చేయి వేయబోయి, కాటుక గుర్తొచ్చి ఆగారు. "నిజంగా ఓడితే ఎలా ఉంటుందో మాకు తెలియదా?" అన్నారు.

కావాలని ఓడి సభను మోసగించినందుకు ఓబుళమ్మను ఇక పటం గీయవద్దన్నారు. ఆమె మొదటి పటాన్ని నీలిమందులో ముంచి శెట్టిగారి ఎద్దు మీద కప్పారు. ఐదో పులి పటం శెట్టిగారి అల్లుడు గీశాడు. పులులు ఇంకా పెరిగాయి. సాయంత్రం అల్లుడు నొసలు కొట్టుకుని చక్కగా ఓడాడు. పటం బాగా అమ్ముడుపోయింది.

నీతి: ఇష్టమైనదాన్నే మళ్లీ మళ్లీ చేయించుకునేవారికి, అసలుది ఎదురైనా నకిలీలాగే కనబడుతుంది.