మడుగులో ఏమీ లేదన్న కొంగ

పొద్దున్నే ముసురు పట్టింది. గాలి లేదు. వరద తీశాక పొలాల మధ్య మిగిలిన మడుగు దగ్గర బాతులు ఆగాయి. మడుగు నిండా నాచు, నత్తలు. పిల్లలు ఆకలి మీద ఉన్నాయి. అయినా తల్లిబాతు మాచమ్మ వాటిని గట్టు దిగనివ్వలేదు.

కారణం నీటికోడి. నిన్న సాయంత్రం తన పిల్ల ఒకటి మడుగు నడుమ ఈదుతూ మునిగిందని, మళ్లీ తేలలేదని, అడుగున ఏదో పెద్దది ఉందని వచ్చినవాళ్లందరికీ చెబుతోంది. ఏడవడం కూడా మానేసింది. చెప్పడమే పని.

ఆ మడుగు దగ్గర పెద్దరికం కొంగది. బాతులు దిగి నీళ్లు కెలికితే చిన్న చేపలు బెదిరి ఒడ్డుకొస్తాయి. ఒడ్డున నిలబడ్డవాళ్లకు ఆ పూట పండగే. ఆ సంగతి కొంగ పైకి అనలేదు. విచారణ చేస్తానంది. నోరు చూశావా అని నీటికోడిని అడిగింది. చూడలేదంది. తోక? లేదు. నెత్తురు? లేదు. కొంగ మడుగు చుట్టూ నడిచొచ్చి, ఒడ్డు బురదలో కొత్త అడుగులేవీ లేవని, నీటికోడి మాటకు రుజువు లేదని చెప్పింది. కాసేపటికి రుజువు లేని మాట కాస్తా పుకారైంది. ఇంకాసేపటికి అబద్ధమైంది.

పిల్ల పోయి మతి చెడింది పాపం, అంది మగబాతు.

మాచమ్మ కదల్లేదు. "నిన్నంతా ఈ నీళ్లలోనే తిరిగావుగా కొంగ మావా. నీ అడుగులేమైనా కనబడ్డాయా అందులో?"

"నీళ్లలో అడుగులెలా నిలుస్తాయే పిచ్చిదానా."

"మరి ఈదేదాని అడుగులు బురదలో వెతికావేం?"

కొంగ మెడ ముడుచుకుంది. మగబాతు మాత్రం, ఇలా భయపడితే పిల్లలు పస్తుండాలంటూ నీళ్లలోకి దిగింది. ఆకలికి ఆగలేక పిల్లలూ దాని వెంట దిగాయి. మాచమ్మ పిలిచింది. ఒక్కటీ వెనక్కి తిరగలేదు.

అప్పుడు కొంగతో అంది. "నువ్వూ దిగు మావా. నడుమ దాకా, పొట్ట తడిసేదాకా. ఏమీ లేదని నీకు తెలుసుగా."

కొంగ ఒక కాలు ఎత్తింది. దించలేదు.

"ఉందో లేదో నాకేం తెలుసు? ఆనవాలు దొరకలేదన్నాను. అంతేగానీ, లేదని నేనెప్పుడన్నాను?"

ఆ మాట నీళ్ల మీదుగా అందరికీ వినబడింది. పిల్లలు ఈత ఆపాయి. మగబాతు మెడ తిప్పి ఆ ఎత్తిన కాలు చూసింది. వెనక్కి పదండంటూ పిల్లల్ని గట్టువైపు తోసి తాను చివర నిలిచింది. దాని వెనక నీళ్లు ఉబ్బాయి. పెద్ద వాలుగ చేప నోరు ఒక్కసారి తెరుచుకుని మూసుకుంది.

ఆ తర్వాత ఆ మడుగులో ఎవరూ దిగలేదు. చేపలు ఒడ్డుకు రాలేదు. కొంగ ఖాళీ కడుపుతో ఎగిరిపోయింది.

దొరకలేదన్నదాన్ని లేదని చెప్పేవాళ్ల కాలు ఎక్కడుందో ముందు చూడాలి.

గట్టు మీద మాచమ్మ ఒక్కొక్కదాన్నీ ముక్కుతో తాకుతూ లెక్కపెట్టింది. పెద్దది. కుంటిది. ఒకే పోలికవి రెండూ. చిన్నది గట్టెక్కలేక జారింది, మళ్లీ ఎక్కింది. తోక ఈకలు లేకుండా మగబాతు. ఆగి, మళ్లీ పెద్దదాని దగ్గర మొదలుపెట్టింది.