రాణి రవిక

నేను చెప్పబోయే దాంట్లో ఒక్క అబద్ధం పట్టుకోండి చూద్దాం. పట్టుకున్నవాళ్ళకి నా కాలి గజ్జెలు రెండూ ఇచ్చేస్తాను. నలభై ఏళ్ళుగా ఊరూరా ఈ మాట అంటూనే ఉన్నాను. గజ్జెలు ఇంకా మా ఇంట్లోనే ఉన్నాయి.

నా పేరు నీలాచలం. వంశధార ఒడ్డున మా భాగవతుల మేళంలో రాణి వేషం నాది. నేను రంగం మీదకొచ్చి జడ ముందుకి వేసుకుంటే మూడూళ్ళ అవతల టూరింగ్ టాకీసులో బొమ్మ ఆగిపోయేది. కరెంటు పోయి కాదు, చూసేవాళ్ళు లేక! నేను రాగం ఎత్తుకునేసరికి స్టేషన్లో నిలబడి ఉన్న రైలు, దించేసరికి పలాస దాటింది. ఊపిరి మాత్రం ఒక్కటే.

అలాంటి నాకు ఒక ఏడాది మాఘమాసంలో ఐదు రోజులు అన్నం సహించలేదు.

దానికి కారణం దాలమ్మ. మా మద్దెలగాడి కూతురు. ఇరవై రెండేళ్ళది, చంకలో ఆర్నెల్ల పిల్ల. తెర వెనకే పెరిగింది కాబట్టి నా పాటలూ మాటలూ అన్నీ నోటికొచ్చు. ఈసారి తీర్థానికి, అదే మా ఊరి జాతరకి, రాణి వేషం తను కడతానంది.

ఊరు రెండుగా చీలిపోయింది. కుర్రాళ్ళేమో, "సినిమాలో ఆడవాళ్ళ వేషాలు ఆడవాళ్ళే వేస్తుంటే మనకింకా మీసాలు గీసుకున్న రాణి ఏంటి?" అన్నారు. పెద్దలేమో, "మొదట్నుంచీ మగాళ్ళే కట్టారు. ఆడది రంగం ఎక్కితే మేళం పరువు ఏం కాను? పైగా పాలు తాగే పిల్ల!" అన్నారు. టీ కొట్టు దగ్గర ఇదే గొడవ, రేవు దగ్గర ఇదే గొడవ. ఎవరో పేపరుకి ఉత్తరం రాస్తే ఇంకెవరో దానికి జవాబు రాశారు.

ఆదివారం సాయంత్రం నాలుగింటికి గ్రంథాలయంలో సభ పెట్టారు. తీర్థం కమిటీ ప్రెసిడెంటు కూర్మినాయుడు నన్ను పిలిచి, "మేళం చరిత్ర నువ్వే చెప్పాలి నీలాచలం. చరిత్ర తేలితే వేషం ఎవరిదో తేలిపోద్ది" అన్నాడు.

వేషం పోతే నాకేం మిగులుతుంది? దున్నడం రాదు, అమ్మడం రాదు. అద్దం ముందు గెడ్డం గీసుకుంటుంటే ఆ వారంలో మూడుసార్లు కత్తికి చర్మం తెగింది. అద్దంలో మొహం రాణిది కాదు, నాదీ కాదు.

శనివారం దాలమ్మ దారిలో ఎదురైంది.

"ఏటి మావా, మొహం నిండా గాట్లు?"

"గెడ్డం గీసుకుంటే తెగింది. నీకేం తెలుసే, రాణి అవ్వాలంటే ఎంత కష్టమో!"

"నిజమే మావా. నాకా కత్తి ఖర్చు కూడా లేదు," అని నవ్వేసి పిల్లని ఇంకో చంకకి మార్చుకుని వెళ్ళిపోయింది.

ఆ నవ్వు రాత్రంతా చెవిలో ఉండిపోయింది.

ఆదివారం పొద్దున్నే మా గురువుగారింటికి పరిగెత్తాను. కొల్లి పోలయ్య గురువుగారు. నాకు ముందు రాణి ఆయనే. అప్పటికి ఎనభై దాటాయి. అరుగు మీద చాప వేసుకుని చల్లంబలి తాగుతున్నారు.

"గురువుగారూ, రవిక ఇప్పించండి. సభలో చూపిస్తాను."

ఆ రవిక సంగతి మీకు చెప్పాలి. ఎర్ర ముఖమల్‌ది. మేళం పుట్టినప్పటి నుంచీ రాణి వేషానికి అదొక్కటే రవిక. దాని మీద కత్తెర పెట్టకూడదని కట్టడి. కొత్త రాణి ఒళ్ళు పెద్దదైతే, చంకల కింద రెండు పక్కలా పాతవాటికి చేర్చి తన పీలికల జత అతుక్కోవాలి. పాత పీలికలు తియ్యకూడదు. నాకు అతికేటప్పుడు దర్జీ కొలత తీసి, "బాబూ, ఇది ఛాతీయా, చింతచెట్టు మొదలా?" అని టేపు కింద పెట్టేశాడు.

"చూపించి ఏటి చెప్తావు?" అన్నారు గురువుగారు.

"నాలుగు తరాల రాణులు, నలుగురూ మగాళ్ళే. నేను, మీరు, మీ గురువు రాములుగారు, ఆయన గురువు బుచ్చన్నగారు. నాలుగు జతల పీలికలే సాక్ష్యం. ఇంకెవడు నోరెత్తుతాడు?"

ఆయన గిన్నె కింద పెట్టి లోపలికి వెళ్ళారు. పెట్టెలోంచి రవికా, ఒక సూదీ తెచ్చి నా ముందు పెట్టారు.

"అయితే ఇలా చూపిస్తే లాభం లేదు. అన్నీ కలిసిపోయి ఉన్నాయి. కుట్లు విప్పు. ఎవరి పీలిక వారిదిగా పట్టుకెళ్ళు."

"పాతవి తియ్యకూడదు కదా గురువుగారూ?"

"నేను చెప్తున్నాను. విప్పు."

కూర్చున్నాను. నా చేతి వేగం మీకు తెలీదు. గంటకి వెయ్యి పూలు మాల కట్టిన చెయ్యి ఇది. కానీ ఆరోజు ఒక్కో కుట్టుకీ ఒక్కో నిమిషం పట్టింది.

నా పీలికలు ఊడాయి. బెత్తెడు వెడల్పు. తర్వాత గురువుగారివి, కాస్త సన్నం. రాములుగారివి ఊడేసరికి నీడ మెట్ల దాకా వచ్చేసింది. రెండు దాటినట్టుంది. బుచ్చన్నగారి పీలికలు మిగిలాయి.

"చాలు గురువుగారూ. నాలుగో జత అలాగే ఉంచి చూపిస్తాను."

ఆయన గుమ్మానికి ఆనుకుని కళ్ళు మూసుకుని ఉన్నారు. తెరవలేదు.

"చరిత్ర చెప్తానన్నావు కదా. మధ్యలో ఆపకు."

విప్పాను. బుచ్చన్నగారి పీలికలు రెండూ ఊడి చాప మీద పడ్డాయి.

నా ఒళ్ళో మిగిలింది చిన్న రవిక. ఎంత చిన్నదంటే, నా అరచేతులు రెండూ పక్కపక్కన పెడితే మూసుకుపోయేంత. మేళంలో ఏ మగాడికీ అది భుజం దాటి ఎక్కదు.

తిరగేసి చూశాను. ముందువైపు మడత కింద ఎడమన ఒకటి, కుడిన ఒకటి, నిలువుగా చీలికలు. చిరుగులు కావవి. అంచులు మడిచి సన్నదారంతో ఎంతో ఓపిగ్గా కుట్టారు. ఆ తర్వాత ఇంకెవరో మొరటుదారంతో రెండింటినీ మూసేశారు.

వేషం రవికకి ముడి వీపు మీద ఉంటుంది. ఒకసారి బిగిస్తే తెల్లారేదాకా విప్పరు. మధ్యలో పిల్ల ఏడిస్తే తల్లి ఏం చేస్తుంది? ఈ చీలికలే దారి.

రవికని చాప మీద పరిచాను.

"ఇదెవరిది గురువుగారూ?"

"తెలీదు."

"పేరైనా..."

"మాకెవరూ చెప్పలేదు. నా పీలికలు అతికిన రోజున ఈ చీలికలు వేలికి తగిలాయి." కళ్ళు తెరిచి రవిక వైపు చూశారు. "మేమూ అడగలేదు."

ఆ మాట అన్నప్పుడు ఆయన మొహం చూడలేకపోయాను. గ్రంథాలయం వైపు నుంచి మైకు సరిచేస్తున్న గోల వినబడుతోంది. నాలుగు కావస్తోంది. చాప మీద ఒక పక్క ఎనిమిది పీలికలు, ఒక పక్క చిన్న రవిక.

"సభకి ఏది పట్టుకెళ్తావు?" అన్నారు గురువుగారు.

రెండూ కండువాలో మూట కట్టుకుని లేచాను.

గ్రంథాలయంలో ఇసక వేస్తే రాలనంత జనం. పదివేలంటే తక్కువ చెప్పినట్టే. కుర్రాళ్ళు కిటికీలెక్కి అరుస్తున్నారు, పెద్దలు బల్లలు చరుస్తున్నారు. నన్ను చూడగానే పెద్దలు చప్పట్లు కొట్టారు. నేను చిన్న రవిక బల్ల మీద పరిచాను. పక్కన పీలికలు వరసగా పెట్టాను.

"ఇదేటి నీలాచలం, పిల్లల రవికా?" అన్నాడు కూర్మినాయుడు.

మూడు గంటలు నీళ్ళు తాగకుండా మాట్లాడగలవాణ్ణి నేను. ఆరోజు నా నోట్లోంచి వచ్చినవి రెండే మాటలు.

"మొదటి రాణిది."

ముందు ఎవరికీ అర్థం కాలేదు. మా ఊరి ముసలమ్మ ఒకామె లేచి వచ్చింది. మడత ఎత్తి చీలికలు చూసింది. వేలు పెట్టి ఆ పాత కుట్టు తడిమింది. వెనక్కి తిరిగి ఆడవాళ్ళ వైపు చూసింది. ఒక్కొక్కరే లేచి రావడం మొదలుపెట్టారు. అరుపులు ఎప్పుడు ఆగాయో నాకు తెలీదు.

దాలమ్మ వచ్చింది. పిల్లని కూర్మినాయుడి చేతుల్లో పెట్టేసి, తన జాకెట్టు మీదనే ఆ రవిక తొడిగి చూసుకుంది. సరిపోతుందా? సరిపోకూడదనా నా ఆశ, సరిపోవాలనా? ఇప్పటికీ చెప్పలేను.

సరిపోలేదు. చంకల దగ్గర పట్టేసింది.

"బిగుతుగా ఉంది మావా," అంది నెమ్మదిగా. ఈసారి నవ్వలేదు. "నీ పీలికల జత ఇస్తావా?"

ఇస్తే రాణి వేషం ఇచ్చేసినట్టే. సభలో అందరికీ తెలుసు ఆ సంగతి. అందరూ నా చేతుల వైపే చూస్తున్నారు.

సాయంత్రం వెలుగు పోకముందే గురువుగారి అరుగెక్కాను.

"సూది కావాలి గురువుగారూ."

"ఎవరి పీలికలు అతుకుతావు?"

"నావే."

ఆయన చాప మీద కాస్త పక్కకి జరిగి నాకు చోటిచ్చారు.

ఆ ఏడు తీర్థంలో దాలమ్మ రాణిగా రంగం మీదకొచ్చినప్పుడు నది ప్రవాహం ఆగి చూసింది. నమ్మరా? ఆ సభకీ, ఆ తీర్థానికీ మైకు సెట్టు పెట్టినవాడు బతికే ఉన్నాడు. వెళ్ళి అడగండి. బస్టాండు వెనక సందులో రెండో ఇల్లు, పేరు మజ్జి తవుడు.