ఎడమ బోల్టు

ఏస్తేరు మూసేసిన వర్క్ ఆర్డర్లు నలభై ఒకటి. అన్నింట్లోనూ ఒకటే మాట: "చూశాను. బాగైంది."

కొండ మీది ఆ పంపుహౌసులో మనుషులు ఇద్దరే. పాత మెకానిక్ దస్తగిరి, ఆయన దగ్గర రెండేళ్ళుగా పని నేర్చుకుంటున్న ఏస్తేరు. కింద కాలువ, పైన ఎండ, మధ్యలో మూడు పంపులు. దగ్గరి ఊరు పదకొండు కిలోమీటర్లు. నెలాఖరుకు దస్తగిరి రిటైరవుతాడు. ఆయన బదులు ఇంకెవరినీ పంపేది లేదని హెడ్డాఫీసు వాళ్ళు అప్పుడే చెప్పేశారు. ఇక ఆ పంపులూ, కింద మిరప చేలకు పారే నీళ్ళూ ఏస్తేరు ఒక్కదాని మీదే.

పంపు మీద చెయ్యి పడితే చాలు, కంప్యూటర్లో ఒక వర్క్ ఆర్డర్ తెరవాలి. ఏం చెడింది, ఏం మార్చారు, ఇంకేం మిగిలింది రాసి మూసెయ్యాలి. మూయగానే తెర మీద ఎర్రది పచ్చగా మారుతుంది. హెడ్డాఫీసుకు ఆ పచ్చదనం చాలు. కంప్యూటరు పంపారు గాని చదివే కళ్ళను పంపలేదు మహానుభావులు.

"ఎవరు చదువుతారు ఉస్తాద్?" అని అడిగింది ఏస్తేరు ఒకరోజు. "ఇదేం రాశావమ్మా అని రెండేళ్ళలో ఒక్క ఫోనొచ్చిందా? గోడతో మాట్లాడినా నయం. మన గొంతైనా మనకు వినపడుతుంది."

దస్తగిరి టీ గ్లాసు కడిగి బోర్లించాడు.

ఆ వారమే ఆమె చెల్లెలి పెళ్ళికని రెండు రోజులు ఊరెళ్ళింది. తిరిగొచ్చేసరికి రెండో పంపు ఆగి ఉంది. స్విచ్చికి 'వెయ్యకు' అనే ఎర్ర చీటీ, చీటీ మీద దస్తగిరి పేరు. ఎవరు కట్టిన చీటీ వాళ్ళే విప్పాలి. ఆయనేమో గడపలో కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నాడు.

"ఏమైంది ఉస్తాద్ దీనికి?"

"చూశాను. బాగైంది."

"బాగైతే ఆపడమెందుకు?"

"చూశాను. బాగైంది."

"ఏం మార్చారు మరి? బేరింగా?"

ఆయన ఇంకో కాయ ఒలిచి గింజలు నోట్లో వేసుకున్నాడు. "చూశాను. బాగైంది."

"నాలుగింటికి చేలకు నీళ్ళు వదలాలి! పరాచికాలకు ఈరోజే దొరికిందా మీకు?"

దస్తగిరి లేచి వెళ్ళి తన చీటీ విప్పుకున్నాడు. "నేను రిటైరై వెళ్ళిపోయాననుకో," అన్నాడు. "అడుగు, ఎవర్ని అడుగుతావో."

ఏస్తేరు పళ్ళు బిగించి తన చీటీ కట్టి పంపు మీద పడింది. కవరు విప్పింది. బేరింగు తీసి చూసింది. నిక్షేపంగా ఉంది. షాఫ్టు దగ్గర నీళ్ళు కారకుండా చుట్టే తాడు కొత్తగా కనిపించింది. సరిగ్గా కూర్చుందో లేదో చూద్దామంటే, దాన్ని పట్టి ఉంచే రెండు బోల్టుల్లో ఎడమది కదల్లేదు. ఇన్నాళ్ళూ ఆ బోల్టు ఆయనే విప్పేవాడు. ఒళ్ళంతా బరువు వేసి లాగింది. స్పానరు జారి వేళ్ళ కణుపులు చెక్కుకుపోయాయి.

అప్పటికి రెండు దాటింది.

చెయ్యి కడుక్కుందామని గదిలోకి వెళితే తెర మీద ఒకటి ఎర్రగా ఉంది. రెండో పంపు వర్క్ ఆర్డర్. ఇంకా మూయలేదు.

"తాడు మార్చాను. కొత్తది, మొదటి రోజు చుక్కలు పడతాయి. బిగించకు, కాలిపోతుంది. బేరింగు బాగుంది, విప్పకు. కాలువలో నీళ్ళు తక్కువని ఆపాను. నాలుగింటికి వెయ్యొచ్చు."

నిలబడ్డది నిలబడ్డట్టే తెర మీద కిందకి చూసుకుంటూ పోయింది. పాతవి. ఇంకా పాతవి. ఆయన ఒంటివేలితో కొట్టిన అక్షరాలు. నాలుగేళ్ళ కిందటిదాని దగ్గర ఆగింది.

"ఎడమ బోల్టు మొండిది. కిరసనాయిలు పోసి గంట ఆగు. బలం కొద్దీ లాగకు, చెయ్యి చీరుకుపోతుంది."

వేళ్ళకు చేతిగుడ్డ చుట్టుకుని గడప దగ్గరికి వచ్చింది.

"ఉస్తాద్, నాలుగేళ్ళ కిందట ఇక్కడ మీరొక్కరే కదా?"

"ఒక్కణ్ణే."

"మరి లాగకు అని ఎవరికి రాశారు?"

దస్తగిరి ఒళ్ళో పొట్టు దులుపుకున్నాడు.

"నువ్వు రావడమే ఆలస్యమైంది," అన్నాడు.

విప్పినవన్నీ మళ్ళీ బిగించి నాలుగింటికి పంపు వేసింది ఏస్తేరు. షాఫ్టు దగ్గర చుక్కలు పడ్డాయి. చూస్తూ కూర్చుంది గాని స్పానరు ముట్టుకోలేదు.

నెల తిరిగింది. దస్తగిరి టీ గ్లాసు గూట్లో బోర్లించే ఉంది. మధ్యాహ్నం పంపుల రొద తప్ప ఇంకో అలికిడి లేదు. ఏస్తేరు తన నలభై ఒక్క వర్క్ ఆర్డర్లలో మొదటిదాన్ని మళ్ళీ తెరిచింది. పచ్చది ఎర్రగా మారింది. ఉన్న రెండు మాటలూ చెరిపేసింది.

"నువ్వెవరో నాకు తెలీదు," అని మొదలుపెట్టింది. "ముందు ఆ ఎడమ బోల్టు జోలికి పోకు."